ట్యాంక్‌బండ్ మీద ట్యాంకులేవి?

మాటల పుట్టుక – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే మాట చుట్టూ తిరిగాయి. అందుకని మిగతా ప్రశ్నలు పైనెలకు దాచి, పేజీ మొత్తం 'ట్యాంక్' అనే ఒక్క మాటకే ఇస్తున్నాను.

ప్రశ్న: మా మనవడు మూడో తరగతి. మొన్న సికింద్రాబాదు నుంచి బస్సులో వస్తూ ట్యాంక్‌బండ్ దాటుతుంటే, "తాతయ్యా, ట్యాంకులేవి? యుద్ధం అయిపోయాక తీసుకెళ్లిపోయారా?" అన్నాడు. ఇక్కడ ట్యాంకంటే నీళ్ల ట్యాంకురా అని చెప్పాను. కాసేపు కిటికీలోంచి హుస్సేన్ సాగర్ వంక చూసి, "మరి దీని మూతేది?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. వాడికి ఏం చెప్పమంటారు?
– ఒక తాతయ్య, చిక్కడపల్లి

జవాబు: తాతయ్యగారూ, మీవాడు అడిగిన రెండూ మంచి ప్రశ్నలే. ముందు మూత సంగతి చెబుతాను. ఎందుకంటే ఆ మాట పుట్టినచోట నిజంగానే మూత ఉంది.

గుజరాత్‌లో పాత ఇళ్ల లోగిళ్ల కింద, భూమిలో, ఒక గదంత నీళ్ల నిలవ కట్టుకునేవారు. వానాకాలంలో డాబా మీద పడ్డ నీరు గొట్టాల్లోంచి దిగి అందులో చేరుతుంది. పైన బిందె పట్టేంత నోరు, దాని మీద మూత. ఏడాది పొడుగునా తాగడానికి ఆ నీళ్లే. దాన్ని అక్కడ 'టాంకా' అంటారు. అహ్మదాబాద్ పాతబస్తీ ఇళ్లలో అవి ఇప్పటికీ ఉన్నాయి. పోరుబందరులో గాంధీగారు పుట్టిన ఇంట్లోనూ ఒకటి ఉంది. పక్కనే మహారాష్ట్రలో, కొండకోటల మీద రాతిని తొలిచి చేసిన నీటి తొట్లను మరాఠీలో 'టాకే' అంటారు.

పదిహేడో శతాబ్దం మొదట్లో ఇంగ్లీషువాళ్లు వర్తకానికి సూరత్‌లో దిగారు. వాళ్ల ఓడ మొదటిసారి అక్కడికి వచ్చింది 1608లో. ఆ రోజుల్లో ఈ దేశం తిరిగినవాళ్ల రాతల్లో 'ట్యాంక్' కనబడటం మొదలవుతుంది. అయితే వాళ్లు ఇంటి కింది టాంకాతో ఆగలేదు. మెట్ల కోనేరు కనబడితే ట్యాంక్ అన్నారు, గుడి ముందు గుండం కనబడితే ట్యాంక్ అన్నారు, ఊరి చెరువు కనబడినా అదే మాట. మూత పోయింది అక్కడే. మీవాడు వెతుకుతున్న మూత గుజరాతీ ఇంట్లోనే ఉండిపోయింది, మాట ఒక్కటే బయటికొచ్చింది.

ఇంకొక కథ కూడా ఉంది, దాన్ని దాటేసి వెళ్లలేను. ఇంగ్లీషువాళ్లకంటే వందేళ్లు ముందే పడమటి తీరానికి వచ్చిన పోర్చుగీసువాళ్లకు 'టాంక్' అనే వాళ్ల సొంత మాట ఉంది. 'ఎస్టాంకార్' అంటే పారేదాన్ని ఆపడం. దానినుంచి నీటిని ఆపి నిలబెట్టిన చోటు 'ఎస్టాంక్' అయింది, అది అరిగి 'టాంక్' అయింది. కారుతున్న నెత్తురును ఆపడాన్ని ఇంగ్లీషులో 'స్టాంచ్' అంటారు కదా, అదీ ఈ చుట్టమే. మరి ఇంగ్లీషు ట్యాంక్ గుజరాతీ బిడ్డా, పోర్చుగీసు బిడ్డా? యూల్, బర్నెల్ అనే ఇద్దరు కూర్చగా 1886లో అచ్చయిన 'హాబ్సన్ జాబ్సన్' నిఘంటువులోనే ఈ తగవు ఉంది. ఈ దేశపు మాటలు ఇంగ్లీషులోకి ఎలా చేరాయో వెతికి కూర్చిన గ్రంథం అది. నా మటుకు నాకు తోచేది ఇది: ఒకే రేవులో, ఒకే పనికి, ఒకేలా వినిపించే రెండు మాటలు దొరికితే కొత్తగా వచ్చినవాడు రెంటినీ కలిపేసుకుంటాడు. ఇల్లు అద్దెకు తీసుకున్న బీహారీ కుర్రాడు మా వీధిలో అచ్చం అలాగే తెలుగు, ఉర్దూ కలిపేసుకుంటాడు.

ఇక బండ్. ఫారసీలో 'బంద్' అంటే కట్టు, అడ్డుకట్ట. సంస్కృతంలో బంధం, ఇంగ్లీషులో బైండ్, బాండ్, బ్యాండేజ్ అన్నీ ఒకే వేరు నుంచి వచ్చినవి. షాపులు మూసేసే బంద్ కూడా ఇదే. ఇక్కడి నుంచి ఇంగ్లీషువాళ్లు ఆ మాటను చైనా దాకా మోసుకెళ్లారు. షాంఘై నది ఒడ్డున గొప్ప మేడలున్న వీధి పేరు 'బండ్', మన బండే. ఆ పోర్చుగీసు చుట్టరికాన్ని ఒప్పుకుంటే ట్యాంక్ అంటే ఆపడం, బండ్ అంటే కట్టడం. నీటిని ఆపి కట్టిన చోటు. మన పెద్దలు 'చెరువుకట్ట' అనే మాటలో చెప్పింది కూడా అదే.

ట్యాంకంటే చెరువని నాకు తెలిసిన రోజు బాగా గుర్తుంది. మా నాన్న చిన్ననీటి పారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్. ఇంటికి తెచ్చుకున్న పటాల మీద ఇంగ్లీషులో 'పాఖాల ట్యాంక్' అని రాసి ఉంటే, మా మేడ మీది సిమెంటు తొట్టిలాంటిదేనా అని అడిగాను. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆయన నవ్వలేదు. ఆ దసరా సెలవుల్లో నన్ను వరంగల్లు తీసుకెళ్లి, అక్కణ్నుంచి బస్సులో నర్సంపేట మీదుగా పాఖాల కట్ట మీదికి నడిపించి, "ఇదమ్మా ట్యాంకు" అన్నారు. అవతల కొండలే తప్ప ఒడ్డు కనబడలేదు. గణపతిదేవుడి కాలంలో, పదమూడో శతాబ్దంలో, రెండు గుట్టల సందును మట్టికట్టతో మూసి కట్టిన చెరువు అది. "ఇంగ్లీషువాడికి దీనికి తగ్గ మాట లేదు. వాళ్ల దేశంలో ఇలా కట్టుకోవలసిన అవసరం పడలేదు" అన్నారు నాన్న. ఆ మాట మీదే నేను ఇంగ్లీషు చదివాననిపిస్తుంది.

చెరువు తవ్వించడాన్ని మన పూర్వులు సప్తసంతానాల్లో ఒకటిగా లెక్కపెట్టారు. కొడుకును కన్నా, కావ్యం రాయించినా, గుడి కట్టినా, చెరువు వేయించినా పేరు నిలబడుతుందని. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలేమిటో, చెరువుకు వచ్చే ఆరు దోషాలేమిటో అందులో వరసగా చెక్కించారు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని కూడా రాశారు. ఇంత విద్యకు ఆఫీసు కాగితాల్లో మిగిలిన పేరు నాలుగక్షరాల ఇంగ్లీషు మాట. నాకు ఆ మాట మీద కోపం లేదు. చెరువనే అర్థం మన చెవిలోంచి జారిపోయిందే, అదే బాధ.

ఇప్పుడు యుద్ధం సంగతి. మొదటి ప్రపంచయుద్ధంలో రెండు పక్షాలూ కందకాల్లో దిగబడి, మధ్యలో ముళ్లతీగ, మరతుపాకులు పెట్టుకుని కదలలేకపోయాయి. ముళ్లతీగను తొక్కుకుంటూ, కందకం దాటుకుంటూ పోగల ఇనుప బండి కోసం బ్రిటన్ 1915లో రహస్యంగా పని మొదలుపెట్టింది. లింకన్ ఊళ్లో వ్యవసాయ యంత్రాలు చేసే విలియం ఫాస్టర్ కంపెనీలో అది తయారైంది. ఆ పెద్ద ఇనుప డొక్కు చూస్తే నీళ్ల తొట్టిలాగే ఉంటుంది. అడిగినవాళ్లకు మెసపొటేమియాకు నీళ్లు మోసే బండి అని చెప్పించారు. మెసపొటేమియా అంటే నేటి ఇరాక్. అప్పుడక్కడ ఎడారిలో భారత సైన్యమే పోరాడుతోంది కాబట్టి అబద్ధం అతికినట్టు సరిపోయింది. అయితే 'వాటర్ క్యారియర్' అని పెడితే పొడి అక్షరాల్లో డబ్ల్యూ.సి. అవుతుంది, ఇంగ్లీషువాడికి అది మరుగుదొడ్డి. సిస్టర్న్, రిజర్వాయర్ అన్నవి కూడా తలచి, చివరకు పొట్టిగా ఉందని 'ట్యాంక్' ఖాయం చేశారు. ఆ పని నడిపినవారిలో కల్నల్ స్వింటన్ ముఖ్యుడు. రష్యాకు పంపే సరుకని నమ్మించడానికి బండ్ల మీద రష్యన్ అక్షరాలతో 'జాగ్రత్త, పెట్రోగ్రాడ్‌కు' అని రంగుతో రాసినవీ ఉన్నాయి.

1916 సెప్టెంబర్ 15న ఫ్రాన్సులో, సోమ్ యుద్ధంలో, అవి మొదటిసారి కదిలాయి. ఒక్కొక్కటి 28 టన్నులు, మనిషి నడకంత వేగం. తెచ్చిన 49 బండ్లలో బయల్దేరే గీత దాకా రాగలిగినవి 32. ఆ పూట నుంచి గుట్టు బయటపడింది. గుట్టు కోసం పెట్టిన మారుపేరు మాత్రం ఊడలేదు. రష్యన్లూ 'టాంక్' అనే పిలుచుకున్నారు. జర్మన్లు 'పాంజర్' అన్నారు, అంటే కవచం. ఫ్రెంచివాళ్లు 'షార్' అన్నారు, అంటే రథం. మన పాత పత్రికలవాళ్లు 'యుద్ధశకటం' అన్నది ఫ్రెంచివాళ్ల దారిలోనే ఉంది చూడండి.

హుస్సేన్ సాగర్ కట్టించింది ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఏలుబడిలో, 1560లలో. హుస్సేన్ షా వలీ కట్టించారు కాబట్టి ఆ పేరు. అంటే మీవాడికి ఇలా చెప్పండి: "నాన్నా, ఈ కట్ట పోసిన మూడున్నర వందల ఏళ్లకు గానీ యుద్ధ ట్యాంకు పుట్టలేదు. పుట్టాక దాక్కోవడానికి నీళ్ల ట్యాంకు పేరు అరువు తెచ్చుకుంది." వాడు మూత సంగతి మళ్లీ అడిగితే టాంకా బొమ్మ గీసి చూపించండి.

ప్రశ్న: బోడుప్పల్ వైపు ప్లాటు చూస్తున్నాం. కాగితాల్లో 'ఎఫ్‌టీఎల్' అని ఉంది. ఫుల్ ట్యాంక్ లెవెల్ అని విప్పి చెప్పారు. చుట్టుపక్కల ఏ ట్యాంకూ లేదు, చదునుగా ఉన్న ఖాళీ జాగా. ఇదేం ట్యాంకు?
– ఒక గృహిణి, ఉప్పల్

జవాబు: అమ్మా, ఆ జాగాయే ట్యాంకు! దయచేసి సంతకం పెట్టకండి, ఇది చదివాక అసలే పెట్టకండి.

ఆ మూడక్షరాల్లో ట్యాంకంటే ఓవర్‌హెడ్ ట్యాంకు కాదు, చెరువు. చెరువు నిండి అలుగు మీదికి నీరు ఎక్కే ఎత్తు ఉంటుంది కదా (మన తెలంగాణలో మత్తడి అంటాం), ఆ ఎత్తులో నీళ్లు ఎంత దూరం పరుచుకుంటాయో అదే ఎఫ్‌టీఎల్ గీత. పదేళ్లు వాన లేక ఎండిపోయి, మేకలు తిరుగుతూ, క్రికెట్ ఆడుకుంటూ ఉన్నా ఆ గీత జరగదు. గీత లోపలి నేలను రెవిన్యూవాళ్లు శిఖం భూమి అంటారు. గీత బయట కూడా కొంత మేర వదలాలి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు. 2012 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనల్లోనే ఇది ఉంది.

మా తమ్ముడు ఈ మాట అర్థం కాకే మోసపోయాడు. నగరానికి తూర్పున ఒక లేఅవుట్‌లో ప్లాటు కొన్నాడు. అమ్మినవాళ్లు "ట్యాంక్ వ్యూ" అన్నారు. నాన్న అప్పటికి లేరు, ఉంటే గ్రామపటం మీద వేలు పెట్టి చూపించేవారు. ఇల్లు కట్టిన నాలుగో ఏడు వానల్లో మంచం కోళ్లు మునిగేదాకా నీళ్లొచ్చాయి. మా మరదలు పిల్లల్ని భుజాన వేసుకుని మేడ మెట్ల మీద ఒక రాత్రంతా కూర్చుంది. నీళ్లు వాళ్ల ఇంటికి రాలేదు, వాళ్లే నీళ్ల ఇంట్లోకి వెళ్లారు. ఆ దస్తావేజులో 'చెరువు నిండే హద్దు' అని తెలుగులో రాసి ఉంటే వాడు కొనేవాడు కాడు. ఇది నా గట్టి నమ్మకం. ఆస్తి కాగితాల్లో ట్యాంక్ అనే మాట ఉన్నచోటల్లా పక్కన చెరువు అని రాయాలని నేను ఎన్నిసార్లైనా అడుగుతాను.

మాసబ్ ట్యాంక్ సంగతి కూడా ఇదే. 'మా సాహెబా' అని పిలుచుకున్న కుతుబ్‌షాహీ రాణిగారి పేరు మీద వెలసిన తాలాబు అది. నేను ఆ పక్క కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పినన్నాళ్లూ ప్రతి కొత్త బ్యాచినీ అడిగేదాన్ని, ట్యాంక్ ఎక్కడుందని. చాచా నెహ్రూ పార్కు వైపు చెయ్యి చూపిస్తే పిల్లలు నమ్మేవారు కాదు. మీర్ ఆలం ట్యాంక్ నయం, దానికింకా నీళ్లున్నాయి. ఇరవై ఒక్క కమానులు వరసగా వంగి నిలబడి నీటిని ఆపుతున్న ఆ రాతికట్టను రెండు వందల ఏళ్ల కిందట కట్టారు. జూపార్కుకు వెళ్లినప్పుడు ఒకసారి అటు కూడా పిల్లల్ని తీసుకెళ్లండి.

ప్రశ్న: స్లీవ్‌లెస్ బనియన్‌లాంటిదాన్ని 'ట్యాంక్ టాప్' అని ఎందుకంటారు? సినిమా 'ట్యాంక్ అయింది' అంటే?
– డిగ్రీ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమెరికాలో ఈతకొలనును కూడా ట్యాంక్ అనేవారు. అక్కడ వేసుకునే ఈతదుస్తులు ట్యాంక్ సూట్, దాని పైభాగంలా ఉండేది ట్యాంక్ టాప్. బ్రిటన్‌లో అదే పేరు చేతుల్లేని స్వెట్టరుకు ఉంది కాబట్టి లండన్ నుంచి తెప్పించుకుంటే చూసి తెప్పించుకోండి. బాక్సింగ్ పందేల్లో డబ్బు తీసుకుని కావాలని ఓడిపోయే బాక్సరును కొలనులోకి దూకాడనేవారు. అదే టెన్నిస్‌కు పాకి, తర్వాత మునిగిపోయిన ప్రతిదానికీ అంటుకుంది. 'థింక్ ట్యాంక్' మొదట్లో అమెరికా వాడుకలో మనిషి తలకాయ. మేధావుల సంస్థలకు ఆ పేరు ఆ తర్వాత వచ్చింది.

ప్రశ్న: మాది సిద్దిపేట. కూకట్‌పల్లిలో ఉద్యోగం. నేను 'నీళ్ల ట్యాంకి' అంటే ఆఫీసులో నవ్వుతారు, ట్యాంక్ అనాలట. నేను మార్చుకోవాలా?
– ఒక ఉద్యోగి

జవాబు: మార్చుకోవద్దు బాబూ. మీరు అనేది తప్పు పలికిన ఇంగ్లీషు కాదు. ఉర్దూ 'టంకీ' మీ ఊళ్లో ట్యాంకి అయింది. 'పానీ కీ టంకీ' అని పాతబస్తీలో ఏ గల్లీలో నిలబడినా వినిపిస్తుంది. ఇందాక చెప్పిన టాంకా, టాకే ఉన్నాయే, మీ ట్యాంకి వాటికి దగ్గరి చుట్టమనిపిస్తుంది. ఆ గుజరాతీ కథే నిజమైతే, చివర అచ్చు పోగొట్టుకున్నది ఇంగ్లీషు మాట. మీ అమ్మమ్మ నోట్లో అది పోలేదు.

ఇంకో సంగతి గమనించారా? మీ ఊళ్లో ఎవరూ ట్యాంకిని, చెరువును కలపరు. ట్యాంకిలో నీళ్లు పట్టుకుంటారు, చెరువులో బతుకమ్మను సాగనంపుతారు. సద్దుల నాడు మా దోమలగూడ ఆడవాళ్లం తాంబాలాలు ఎత్తుకుని ట్యాంక్‌బండ్ కేసి నడుస్తూ కూడా "చెరువుకు పోతున్నం" అనే అంటాం. పేరు మారినా ఆ పూట మాట మారదు.

మా అపార్ట్‌మెంటు కాపలాదారు భార్యది జనగామ దగ్గర పల్లె. తెల్లవారుజామున మోటారు వేసి మరిచిపోతే, పైనుంచి నీళ్లు గోడ వెంబడి జలజలా దూకుతుంటే, ఆమె కింద నిలబడి మూడంతస్తులు వినబడేలా కేక వేస్తుంది: "అమ్మా! ట్యాంకి మత్తడి దుంకుతున్నది! మోటర్ బంద్ జెయ్యుండ్రి!"